కోర్టు కాగితాలు వచ్చాయి, 62 వేల డాలర్ల కార్డు అప్పు ఉంది – దివాలా లాయర్ దగ్గరికి వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

శ్రావణమేఘం:

అందరికీ నమస్తే. ఇంట్లో సగం చెప్పి, బయట అసలు చెప్పుకోలేక ఇక్కడ రాస్తున్నాను. మేం టెక్సస్‌లో, ప్లేనోలో ఉంటాం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. గ్రీన్‌కార్డు వచ్చి రెండేళ్ళయింది. పోయిన సంవత్సరం లేఆఫ్‌లో ఉద్యోగం పోయింది, ఎనిమిది నెలలు ఖాళీగా ఉన్నాను. అద్దె, డేకేర్, కారు, ఇన్సూరెన్స్ అన్నీ కార్డుల మీదే గడిచాయి, వచ్చే నెల ఉద్యోగం వస్తుంది కట్టేద్దాం, వచ్చే నెల వస్తుంది కట్టేద్దాం అనుకుంటూనే ఆరు కార్డులూ నిండిపోయాయి. నాలుగు నెలల క్రితం ఉద్యోగం దొరికింది కానీ జీతం మునుపటికంటే బాగా తక్కువ. ఇప్పుడు మొత్తం అప్పు 62 వేల డాలర్లు.

ఉద్యోగం వచ్చిన కొత్తలోనే ఒక డెట్ సెటిల్‌మెంట్ కంపెనీ వాళ్ళు ఫోన్ చేశారు. కార్డులకు ఏమీ కట్టకండి, నెలకు 700 మా దగ్గర జమ చేయండి, మేం బేరమాడి సగానికి తెగ్గొడతాం అన్నారు. నాలుగు నెలలు కట్టాను, ఒక్క కార్డూ తెగలేదు. పోయిన శుక్రవారం సాయంత్రం ఒకాయన తలుపు కొట్టి, నా పేరు అడిగి, చేతిలో కాగితాలు పెట్టి వెళ్ళిపోయాడు. ఒక కార్డు అప్పును కొనుక్కున్న కంపెనీ, చిన్న మొత్తాల కేసులు చూసే జస్టిస్ కోర్టులో 11,400 డాలర్లకు కేసు వేసింది. బాబు పక్కనే నిలబడి ఎవరు నాన్నా అంటే కొరియర్ అని చెప్పాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

లాయర్ ఫీజుకే డబ్బు లేనప్పుడు లాయర్ దగ్గరికి వెళ్ళడంలో అర్థం ఉందా? ఆన్‌లైన్‌లో ఫారాలు నింపి నేనే వేసుకోవచ్చా? బాగా అనుభవం ఉన్న లాయర్ అని ఎలా తెలుస్తుంది, అందరూ ఒకేలా ప్రకటనలు ఇస్తున్నారు. దివాలా తీస్తే రేపు సిటిజన్‌షిప్‌కి అడ్డం వస్తుందా? ఆఫీసులో తెలుస్తుందా? తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

నల్లరేగడి:

తమ్ముడూ, నేను దివాలా కేసులు చూసే లాయర్ ఆఫీసులో తొమ్మిదేళ్ళుగా పారాలీగల్‌గా చేస్తున్నాను. నేను లాయర్ని కాదు, కాబట్టి నేను చెప్పేదాన్ని సలహా అనుకోకుండా లాయర్ దగ్గరికి వెళ్ళేముందు తెలుసుకోవాల్సిన సంగతులు అనుకోండి.

ముందు దివాలా సంగతి పక్కన పెట్టి ఆ కోర్టు కాగితం తీయండి. టెక్సస్ జస్టిస్ కోర్టులో కాగితాలు అందిన రోజు నుంచి 14 రోజుల్లోపు మీరు జవాబు దాఖలు చేయాలి. శుక్రవారం అందాయంటే ఇప్పటికే కొన్ని రోజులు పోయాయి. ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే, కేసులో పస లేక కాదు, భయపడి కవరు డ్రాయర్‌లో పెట్టేసినందుకు. జవాబు ఇవ్వకపోతే అవతలివాడు అడిగిన మొత్తానికి డిఫాల్ట్ జడ్జిమెంట్, అంటే మీ వాదన వినకుండానే ఇచ్చే తీర్పు, తీసుకుంటాడు. ఈ రాష్ట్రంలో కార్డు అప్పుకు జీతం అటాచ్ చేయలేరు, అది మన అదృష్టం. కానీ జీతం బ్యాంకులో పడ్డాక అది వేరే సంగతి. జడ్జిమెంట్ ఉన్నవాడు బ్యాంకు ఖాతా మీద గార్నిష్‌మెంట్, అంటే ఖాతాలో డబ్బు పట్టుకునే కోర్టు ఉత్తర్వు, తెచ్చుకోగలడు, ఒక పొద్దున అద్దె చెక్కు తిరిగొచ్చాక గానీ మనకు తెలియదు. అదే జవాబు ఇస్తే, ఆ అప్పు నిజంగా తనదేనని, లెక్క సరైనదేనని ఆ కంపెనీ రుజువు చేసుకోవాలి. అప్పులు చేతులు మారేటప్పుడు కాగితాలు సరిగ్గా రావు, నేను చూసిన చాలా కేసుల్లో ఇదే జరిగింది.

సెటిల్‌మెంట్ కంపెనీ గురించి. ఫోన్ మీద మిమ్మల్ని చేర్చుకున్నవాళ్ళు కనీసం ఒక అప్పైనా సెటిల్ చేయకుండా ఫీజు తీసుకోకూడదని 2010 నుంచి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం ఉంది. మీరు జమ చేసిన డబ్బు మీదే. మానుకుంటున్నానని చెబితే ఏడు పనిదినాల్లో తిరిగి ఇవ్వాలి. ఆ 2,800 వెనక్కి వస్తే లాయర్ ఫీజులో చాలా భాగం అదే తీరుస్తుంది.

మీరే వేసుకోవచ్చా అంటే చట్టప్రకారం వేసుకోవచ్చు. కానీ ఫారాలు నింపడం ఒక్కటే పనైతే మా ఆఫీసు అవసరమే ఉండదు. ఫారాలు నింపిపెడతామనే వాళ్ళుంటారు, వాళ్ళు చట్టపరమైన సలహా ఇవ్వకూడదు, టైపు చేసి ఇవ్వడమే. దివాలా చట్టంలో ఏ చాప్టర్ కింద వేయాలి, ఎప్పుడు వేయాలి, అసలు వేయాలా అన్నది వాళ్ళు చెప్పలేరు. మీకు కావలసింది అదే కదా.

కృష్ణా_తీరం:

నేను వెళ్ళొచ్చాను ఈ దారిలో, చాప్టర్ 7, అంటే మినహాయింపు లేని ఆస్తులుంటే అమ్మి, మిగతా అప్పులు కొట్టేసే దివాలా, నాలుగేళ్ళవుతోంది. మీరు రాసింది చదువుతుంటే అప్పటి నన్ను చూసినట్టుంది. మా ఇంట్లో పొడుగు వంటగది గట్టు ఉండేది, దాని చివర కవర్ల గుట్ట, తెరవనివి. లాయర్ మొదటి మీటింగ్‌కి ఆ కవర్లన్నీ ఒక కిరాణా సంచిలో వేసుకుని పట్టుకెళ్ళాను, సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ ఏమీ అనలేదు. సంచి బల్ల మీద బోర్లించి, ఒక్కొక్క కవరూ చించి, మూడు దొంతరలుగా పెట్టుకుంటూ పోయింది. కేసు వేసినవి ఒక పక్క, అమ్ముడుపోయిన అప్పులు ఒక పక్క, ఇంకా మొదటి బ్యాంకు దగ్గరే ఉన్నవి ఒక పక్క. ఇరవై నిమిషాలు పట్టింది. ఏడాదిగా నేను చూడటానికి భయపడ్డది ఇరవై నిమిషాల పని.

మీ ప్రశ్నలకు వస్తాను. మా లాయర్ 1,900 తీసుకున్నారు, కోర్టు ఫీజు 338 వేరే. చాప్టర్ 7లో ఫీజు ముందే మొత్తం కట్టమంటే మోసమేమో అనుకున్నాను, తర్వాత తెలిసింది, దివాలా కేసు వేసేనాటికి బాకీ ఉన్న లాయర్ ఫీజు కూడా మిగతా అప్పులతోపాటే కొట్టుకుపోతుంది, అందుకని ముందే తీసుకుంటారు. నేను నాలుగు నెలలు కొంచెం కొంచెంగా కట్టాను. కొన్నేళ్ళపాటు నెలనెలా కట్టే చాప్టర్ 13 అయితే ఫీజులో చాలా భాగం నెలవారీ ప్లాన్‌లో కలుపుతారు.

ఫీజు పూర్తికాకముందే, లాయర్‌ని పెట్టుకున్నానని వసూలు ఏజెన్సీలకు చెప్పి ఆవిడ పేరు, నంబరు ఇచ్చాను. లాయర్ ఉన్నారని తెలిశాక ఆ ఏజెన్సీలు నేరుగా మనకు ఫోన్ చేయకూడదు, 1977 నాటి అప్పుల వసూలు చట్టంలోనే ఉంది ఆ మాట. ఒక ఏజెన్సీ వాడు అయినా చేస్తూనే ఉంటే, ఫోన్ లాగ్ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టమంది మా లాయర్. ఆ చట్టం కింద గెలిస్తే వెయ్యి డాలర్ల దాకా పరిహారం ఉంటుంది, మన లాయర్ ఖర్చు కూడా వాడే కట్టాలి. నా విషయంలో ఒక ఉత్తరం రాస్తే ఆగిపోయింది. దివాలా కేసు వేసిన రోజు నుంచి ఆటోమేటిక్ స్టే వస్తుంది, ఫోన్లు, ఉత్తరాలు, కోర్టు కేసులు అన్నీ అక్కడికక్కడ ఆగాలి. ఆ రోజు సాయంత్రం ఫోన్ మోగకపోతే ఛార్జింగ్ అయిపోయిందేమో అని తీసి చూసుకున్నాను.

చాప్టర్ 7లో ఆఫీసుకు ఎవరూ చెప్పరు. మీరు ఆ ఆఫీసుకు బాకీ ఉంటే తప్ప వాళ్ళకు నోటీసు వెళ్ళదు. దివాలా తీశావన్న ఒక్క కారణంతో ఉన్న ఉద్యోగంలోంచి తీసేయకూడదని చట్టంలోనే ఉంది. క్రెడిట్ రిపోర్టులో చాప్టర్ 7 పదేళ్ళు ఉంటుంది, అది నిజమే, కానీ కారు లోను నాకు రెండో ఏడే వచ్చింది, వడ్డీ ఎక్కువే అనుకోండి.

తూరుపుగాలి:

నా అనుభవం ఇంత బాగా లేదు, అది కూడా తెలియాలని రాస్తున్నాను. పెద్ద బోర్డులు, టీవీ ప్రకటనలు ఉన్న ఒక ఆఫీసుకి వెళ్ళాను. పేరు చెప్పను. ఫీజు అందరికంటే తక్కువ. మొదటి రోజు ఒక అబ్బాయి కంప్యూటర్ చూస్తూ ప్రశ్నలు చదివాడు, నేను చెప్పింది టైపు చేశాడు, పావుగంటలో అయిపోయింది. లాయర్ని చూడలేదు. సంతకాలు కూడా ఈమెయిల్లోనే. లాయర్ ముఖం మొదటిసారి చూసింది 341 మీటింగ్ రోజున, జూమ్‌లో. ఆయనకు నా పేరు పలకడం రాలేదు, నా కేసు అంతకంటే తెలియదు.

ఆ మీటింగ్ అంటే తెలియనివాళ్ళ కోసం: కేసు వేశాక నెల అటూఇటూగా ట్రస్టీ, అంటే కేసు చూడటానికి నియమించిన వ్యక్తి, ముందు ప్రమాణం చేసి జవాబులు చెప్పాలి, రికార్డు అవుతుంది. జడ్జి ఉండరు. సాధారణంగా పది నిమిషాలు. నాకు నలభై నిమిషాలు పట్టింది. ట్రస్టీ అడిగిన రెండో ప్రశ్న, గత రెండేళ్ళలో ఎవరికైనా ఏమైనా బదిలీ చేశారా అని. పాత కారు మా తమ్ముడి పేరుకి మార్చాను, నిజమే చెప్పాను. అది ఫారంలో లేదు, ఎందుకంటే ఆ ప్రశ్న ఆ అబ్బాయి నన్ను అడగలేదు, నేను సంతకం పెట్టేముందు చదవలేదు. తప్పు ఇద్దరిదీ. కానీ ప్రమాణం చేసి సంతకం పెట్టింది నేను ఒక్కణ్ణే కదా, జవాబుదారీ నాదే. తర్వాత ఇంకో లాయర్ని పెట్టుకుని, ఫారాలు సవరించి, ట్రస్టీకి వివరణ ఇచ్చి బయటపడేసరికి మొదట మిగిల్చాననుకున్న ఫీజుకు రెండింతలు అయింది.

అందుకని నేను చెప్పేది ఒకటే. ఫ్రీ కన్సల్టేషన్లో మీరు అడిగే ప్రశ్నలకంటే వాళ్ళు మిమ్మల్ని అడిగే ప్రశ్నలు లెక్కపెట్టండి. రెండో లాయరు గంటంబావు అడిగింది. అమ్మానాన్నలకు డబ్బు పంపుతారా, ఎంత, ఎవరి ఖాతా నుంచి? ఊళ్ళో ఏమైనా ఉందా? ఎవరి దగ్గరైనా చేబదులు తీసుకున్నారా? స్నేహితులతో చీటీ కడుతున్నారా? చీటీ అంటే ఏమిటో నేను వివరిస్తే కాగితం మీద బొమ్మ గీసుకుని, ఎవరు పాడుకున్నారు, మీ వంతు ఎప్పుడు అని కనుక్కుంది. అదీ అనుభవం అంటే. టెక్సస్‌లో ఇంకో మార్గం ఉంది, కన్స్యూమర్ బ్యాంక్రప్సీలో బోర్డు సర్టిఫికేషన్ అని ఉంటుంది, టెక్సస్ బోర్డ్ ఆఫ్ లీగల్ స్పెషలైజేషన్ ఇస్తుంది, పరీక్ష రాసి తెచ్చుకోవాలి. అది లేనివాళ్ళు పనికిరారని కాదు. స్టేట్ బార్ వెబ్‌సైట్లో లైసెన్సు, క్రమశిక్షణ చర్యలు కూడా చూసుకోవచ్చు.

శ్రావణమేఘం:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ రుణపడి ఉంటాను. కోర్టు జవాబు రేపే చూస్తాను. తూరుపుగాలి గారు రాసిన ప్రశ్నలు చదివాక గుండె ఝల్లుమంది. రెండు విషయాలు నేను పైన రాయలేదు.

ఒకటి, ఖాళీగా ఉన్నప్పుడు న్యూజెర్సీలో ఉన్న మా బావమరిది దగ్గర 9,000 చేబదులు తీసుకున్నాను. ఉద్యోగం రాగానే జాయినింగ్ బోనస్ వస్తే మూడు నెలల క్రితం మొత్తం ఆయనకు తిరిగి పంపేశాను. కార్డులవాళ్ళు ఆగుతారు, ఆయన ఇల్లు కొనుక్కుంటున్నారు, ఆయన డబ్బు ఆపడం ధర్మం కాదనిపించింది. రెండు, మా నాన్నగారు ఊళ్ళో 200 గజాల ప్లాటు నా పేరు మీద రిజిస్టర్ చేయించారు, ఎనిమిదేళ్ళ క్రితం. నేను ఒక్క రూపాయి పెట్టలేదు. అది ఇండియాలో ఉంది, పైగా నాన్న కష్టం, ఇక్కడ రాయక్కర్లేదనుకున్నాను. కేసు వేసేముందు తిరిగి నాన్న పేరుకి మార్చేస్తే సరిపోతుందా?

నల్లరేగడి:

మార్చకండి. ఈ ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను, లాయర్ని కలిసేదాకా ఎవరి పేరుకీ ఏదీ మార్చకండి. కేసుకు ముందు ఏడాదిలోపు అప్పులవాళ్ళకు అందకుండా ఆస్తి బదిలీ చేశారని తేలితే మొత్తం డిశ్చార్జే, అంటే అప్పుల మాఫీయే, నిరాకరించవచ్చు. అంటే దివాలా తీసిన మచ్చ ఉంటుంది, అప్పులూ ఉంటాయి. రాయకుండా దాచడం ఇంకా పెద్దది, ఫెడరల్ నేరం, ఐదేళ్ళ దాకా జైలుశిక్ష పడొచ్చు. ప్రపంచంలో ఎక్కడున్నా సరే, మీ పేరు మీద ఉన్నది ఫారంలో ఉండాలి. నాన్నగారు ఇచ్చారు, మీరు పేరుకే ఉన్నారు అన్నది కూడా చెప్పండి, దానికి చట్టంలో ఏమైనా విలువ ఉందా లేదా అన్నది లాయర్ తేలుస్తారు, మీరు ముందే తీర్పు చెప్పేసుకుని వదిలేయకండి. మనవాళ్ళలో చాలామంది చెడ్డ ఉద్దేశంతో దాచరు. అది నాది కాదు, అమ్మానాన్నలది అని మనసులో నిజంగా అనుకుంటారు. నా ఎదురుగా కూర్చుని, బంగారం ఏమీ లేదండీ అని చెప్పిన ఒకావిడ చేతులకు ఆరు గాజులున్నాయి. ఆవిడ అబద్ధం చెప్పలేదు, పెళ్ళినాటి గాజులు ఆవిడకు ఆస్తిలా కనబడలేదు, అంతే. ఏ నగ ఎవరు పెట్టారు, పెళ్ళికి ముందా తర్వాతా అన్నదాన్ని బట్టి టెక్సస్‌లో లెక్క మారుతుంది, మినహాయింపులూ ఉన్నాయి, కానీ చెబితేనే అవి దొరుకుతాయి.

బావమరిది గారి సంగతి. మీరు చేసింది తప్పు కాదు, మన ఇళ్ళలో ఎవరైనా అదే చేస్తారు. చట్టం మాత్రం దగ్గరి బంధువులకు ఏడాదిలోపు తీర్చిన బాకీని వేరుగా చూస్తుంది. బయటి అప్పులవాళ్ళకైతే 90 రోజులే చూస్తారు, బంధువులకు ఏడాది. మీరు ఇప్పుడు చాప్టర్ 7 వేస్తే ట్రస్టీ ఆ 9,000 ఇమ్మని మిమ్మల్ని కాదు, ఆయన్నే అడగవచ్చు, కేసు కూడా వేయవచ్చు. ఇల్లు కొనుక్కున్న ఆయనకు అలాంటి ఉత్తరం వస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి. అలాగని ఆయన్ని వెనక్కి పంపమనీ అడగకండి, లాయర్‌తో మాట్లాడకుండా.

ఇక్కడే అనుభవం ఉన్న లాయర్ అవసరం. బావమరిది విషయం చూస్తే ఇంకో తొమ్మిది నెలలు ఆగితే మంచిది, ఏడాది దాటిపోతుంది. కానీ చాప్టర్ 7కి మీన్స్ టెస్ట్ ఉంది. కేసు వేసే నెలకు ముందు ఆరు నెలల ఆదాయం సగటు తీసి, మీ కుటుంబం సైజుకు రాష్ట్రంలో ఉండే మీడియన్‌తో, అంటే సరిగ్గా మధ్యలో ఉండే కుటుంబం ఆదాయంతో, పోలుస్తారు. ఇప్పుడైతే ఆ ఆరు నెలల్లో రెండు నెలలు మీకు జీతమే లేదు, సగటు తగ్గుతుంది. ఆగినకొద్దీ ఖాళీ నెలలు జారిపోయి నిండు జీతం నెలలు వచ్చి చేరతాయి. ఒకటి తొందరపడమంటోంది, ఒకటి ఆగమంటోంది, మధ్యలో కోర్టు కేసు తరుముతోంది. ప్లాటు విలువ ఎక్కువైతే అసలు చాప్టర్ 7 కాకుండా మూడు నుంచి ఐదేళ్ళ ప్లాన్ ఉండే చాప్టర్ 13 నయం కావచ్చు, కానీ అందులో చాప్టర్ 7లో అప్పులవాళ్ళకు వచ్చేదానికంటే తక్కువ ఇవ్వడానికి లేదు, ప్లాటు లెక్క అక్కడా వస్తుంది. లేదా అసలు దివాలా వద్దు, ఈ ఒక్క కేసు ఎదుర్కొని మిగతావి బేరమాడదాం అని కూడా అనవచ్చు. అలా సెటిల్ చేసుకుంటే మాఫీ అయిన భాగాన్ని పన్ను శాఖ ఆదాయంగా చూస్తుంది, ఆస్తులకంటే అప్పులు ఎక్కువ ఉన్నాయని చూపించగలిగితే మినహాయింపు ఉంది, అది కూడా అడగండి. మా లాయరు గారు వచ్చినవాళ్ళలో చాలామందిని మీకు ఇది వద్దు అని పంపించేస్తారు. పది నిమిషాల్లో అందరికీ చాప్టర్ 7 రాసిచ్చే చోట నుంచి మర్యాదగా లేచి వచ్చేయండి.

సిటిజన్‌షిప్ గురించి: చట్టప్రకారం దివాలా తీయడం ఒక్కటే అడ్డంకి కాదు. ఎగ్గొట్టిన పన్నులు, ప్రమాణం చేసి చెప్పిన అబద్ధాలు, అవి అడ్డంకులు. మీ ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని కూడా ఒక మాట అడగండి.

కృష్ణా_తీరం:

ఒకటి మర్చిపోయాను. 401కె, అంటే ఉద్యోగంలో దాచుకునే రిటైర్మెంట్ డబ్బు, దాని మీద చెయ్యి వేయకండి. నేను వేశాను. కేసుకు ముందు ఏడాది 23 వేలు తీసి, పెనాల్టీ, పన్ను కట్టి, మిగిలింది కార్డులకు పోశాను, ఆర్నెల్ల తర్వాత అవే కార్డులతో కోర్టుకెళ్ళాను. ఆ డబ్బు దివాలాలో ఎవరూ ముట్టుకోలేనిదని మా లాయర్ చెప్పినప్పుడు ఏడుపొచ్చింది. ఆవిడ దగ్గరికి ఏడాది ముందు వెళ్ళి ఉంటే నా పిల్లలకు ఆ డబ్బు ఉండేది. కార్డులు కూడా ఇప్పుడు గీకకండి, చివరి 90 రోజుల్లో కొన్న ఖరీదైన వస్తువులూ, 70 రోజుల్లో తీసిన క్యాష్ అడ్వాన్సులూ తిరిగి మెడకు చుట్టుకుంటాయి. కేసుకు ముందు క్రెడిట్ కౌన్సెలింగ్ క్లాసు ఒకటి తప్పనిసరి, ఫోన్‌లోనో ఆన్‌లైన్‌లోనో ఓ గంట, వేశాక ఇంకోటి. రెండో క్లాసు మర్చిపోతే డిశ్చార్జ్ ఇవ్వకుండా కేసు మూసేస్తారు, నాకు లాయర్ ఆఫీసు మూడుసార్లు గుర్తుచేసింది.

శ్రావణమేఘం:

పదకొండు రోజుల తర్వాత రాస్తున్నాను. కోర్టు జవాబు 12వ రోజున దాఖలైంది. ముగ్గురు లాయర్లను కలిశాను. మొదటి చోట తూరుపుగాలి గారు చెప్పినట్టే జరిగింది, పావుగంటలో చాప్టర్ 7 అన్నారు, ఊళ్ళో ఆస్తి గురించి నేనే చెప్పబోతే అదంతా తర్వాత చూద్దాం అన్నారు. రెండో ఆయన మంచివారే గానీ ఎక్కువగా వ్యాపార సంస్థల కేసులు చూస్తారట, ఆయనే ఇంకొకరి పేరు ఇచ్చారు. మూడో ఆవిడ ఇరవై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నారు. బావమరిది మాట ఎత్తగానే పెన్ను కింద పెట్టి, తేదీ చెప్పండి, సరిగ్గా ఏ తేదీన పంపారు అని అడిగారు. నెల కాదు, తేదీ. అప్పుడు నమ్మకం కుదిరింది.

ప్రస్తుతానికి దివాలా వేయడం లేదు. ముందు ఈ కేసులో ఆ కంపెనీ దగ్గర కాగితాలు ఉన్నాయో లేదో తేలుద్దాం, ప్లాటు విలువ కట్టించండి, తర్వాత నిర్ణయిద్దాం అన్నారు. సెటిల్‌మెంట్ కంపెనీకి మానుకుంటున్నానని రాశాను, డబ్బు ఇంకా రాలేదు, గడువు శుక్రవారం దాకా ఉంది.

మా ఆవిడకు మొత్తం చెప్పేశాను. ఆ 62 వేల అంకె తనకు ఇప్పటిదాకా తెలియదు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత బీరువా తీసి, నగలన్నీ మంచం మీద పెట్టి, ఏది ఎవరు పెట్టారో చెబుతుంటే నేను రాశాను. రెండు పేజీలు వచ్చింది. మంగళవారం మళ్ళీ అపాయింట్‌మెంట్, ఈసారి ఇద్దరం వెళ్తున్నాం. ఏమేం పట్టుకెళ్ళాలి?

నల్లరేగడి:

ఆ రెండు పేజీలు పట్టుకెళ్ళండి. గత ఆరు నెలల జీతం స్లిప్పులు, రెండేళ్ళ టాక్స్ రిటర్నులు, ప్రతి ఖాతాకూ స్టేట్‌మెంట్లు, ఇండియాలో ఎన్‌ఆర్‌ఐ ఖాతా ఉంటే అదీ. ప్లాటు దస్తావేజు నకలు నాన్నగారిని వాట్సాప్‌లో పంపమనండి, తెలుగులో ఉన్నా ఫర్వాలేదు, సర్వే నంబరూ తేదీ కనబడితే చాలు. బావమరిదికి పంపిన ట్రాన్స్‌ఫర్ రసీదు, అంతకుముందు ఆయన మీకు పంపినప్పటి రసీదు, రెండూ. శుక్రవారానికి ఆ 2,800 రాకపోతే మంగళవారం అది కూడా ఆవిడకు చెప్పండి, అలాంటి కంపెనీలకు ఉత్తరం ఎలా రాయాలో ఆవిడకు తెలిసే ఉంటుంది.